పెంచిన వేగము ఎచ్చటికి పోయినది?
(గ్రాఫిక్స్ కార్డు విషయమున తల్లిదండ్రులకొక పాఠము)

గడచిన వేసవి సెలవులలో ఒకనాటి సాయంకాలము, బళ్ళారిలో మా వీధిన కాపురమున్న ఒక పెద్దమనిషి నా యొద్దకు వచ్చి, కూర్చుండుమన్నను కూర్చుండక, నిలుచుండియే ఇట్లనిరి: "మాస్టారూ! మావాడు కంప్యూటరుకు ఏదో చేసినాడు. వేగము పెంచినానని వాడంటున్నాడు. మునుపటికంటె నెమ్మదిగా నడుస్తున్నదని వాడే ఏడుస్తున్నాడు. చీటీ పాడిన డబ్బుతో కొన్న వస్తువు. అది చెడిపోయినదేమోనని వాళ్ళమ్మ నిన్నటినుండి సరిగా అన్నము తినలేదు."

ఆ బాలుడు మన పాఠశాలలో చదివి, ఇప్పుడు కళాశాలలో చేరినవాడు. ఆటలాడుట కొంత నిజమే. కాని అదే యంత్రముపై త్రిపరిమాణ చిత్రములను గీయుట కూడ నేర్చుకొనుచున్నాడు. తండ్రి కోపగించునను భయముచే వారము దినములు సంగతి దాచినాడు. దాచిన ఆ వారములోనే తనకు తోచిన మార్పులన్నియు ఒకదానిపై ఒకటి చేసినాడు. అందుచేత ఏ మార్పు వలన ఏ దోషము కలిగినదో వానికే తెలియకుండ పోయినది.

ఇట్టి సంగతి ఒక ఇంటిలోనే జరుగునది కాదు. కావున వేగము పెంచుట అననేమి, పెంచిన వేగము ఫలమీయక పోవుటకు కారణములేవి, వానిని కనుగొను క్రమమేది అను మూడు విషయములను ఇచ్చట వివరింప దలచితిని. కంప్యూటరు పరిచయము లేని తల్లిదండ్రులును దీనిని చదివి, పిల్లవాని ప్రక్కన కూర్చుండి ప్రశ్నలు వేయగలుగవలెననియే నా ఉద్దేశము.

1. గ్రాఫిక్స్ కార్డు చేయు పని

కంప్యూటరు తెరపై కనిపించు చిత్రము చిన్న చిన్న చుక్కల కూర్పు. సాధారణమైన తెరలో అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. అనగా మొత్తము 20,73,600 చుక్కలు. కదలిక సాఫీగా కనిపించుటకు ఇట్టి చిత్రమును సెకనునకు 60 మారులు క్రొత్తగా గీయవలెను. అనగా సెకనునకు 12 కోట్ల 44 లక్షలకు పైగా చుక్కలకు రంగు నిర్ణయింప వలసియుండును. ఒక్కొక్క చిత్రమును ఫ్రేము అందురు. సెకనునకు 60 ఫ్రేములన్నచో ఒక్కొక్క దానికి దొరకు కాలము సుమారు 16.7 మిల్లీసెకన్లు మాత్రమే.

ఇంత పనిని ప్రధానమైన ప్రాసెసరు ఒంటరిగా చేయజాలదు. అందుకొరకు వేలకొలది చిన్న గణన విభాగములు ఏకకాలమున పనిచేయు ప్రత్యేక యంత్రభాగము ఏర్పడినది. దానినే గ్రాఫిక్స్ కార్డు అందురు. 1999లో ఎన్విడియా సంస్థ జీఫోర్స్ 256 అను కార్డును వెలువరించుచు, ఇట్టి చిప్పునకు జీపీయూ అను పేరును ప్రచారములోనికి తెచ్చినది. 2019లో వచ్చిన జీఫోర్స్ జీటీఎక్స్ 1660 సూపర్ అను మధ్యతరగతి కార్డులో 1408 గణన విభాగములు కలవు.

ఈ విభాగములన్నియు ఒకే తాళమునకు అడుగు వేయవలెను. ఆ తాళమును క్లాకు అందురు. సెకనునకు పది లక్షల దెబ్బలు ఒక మెగాహెర్ట్జ్. పైన చెప్పిన కార్డునకు తయారీదారు నిర్ణయించిన బూస్టు వేగము 1785 మెగాహెర్ట్జ్. అనగా సెకనునకు 178 కోట్ల 50 లక్షల దెబ్బలు. తయారీదారు నిర్ణయించిన ఈ వేగమును దాటి తాళమును త్వరపరచుటయే ఓవర్‌క్లాకింగ్.

మన ఊళ్ళ కోలాటమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. గురువు తాళమును కొంచెము త్వరపరచినచో ఆరితేరిన జట్టు తట్టుకొనును. ఇంకను త్వరపరచినచో ఎక్కడనో ఒక కోల తప్పును. ఒక కోల తప్పగానే వలయమంతయు తడబడును. చిప్పు విషయమును అట్టిదే. ఒకే కర్మాగారములో ఒకేనాడు తయారైనను ఏ రెండు చిప్పులును సరిసమానముగా నుండవు. అన్నియు, వేడిలో సైతము, తప్పక నడువగల వేగమును తయారీదారు ఎన్నుకొనును. కావున కొన్ని చిప్పులలో కొంత మిగులు సామర్థ్యముండును. ఆ మిగులు ఎంతయో పరీక్షించిననే తెలియును. మిత్రుని కార్డు 150 మెగాహెర్ట్జ్ అధికముగా నడచినది గనుక నాదియు నడువవలెననుట తర్కము కాదు.

2. వేగమునకు చెల్లింపవలసిన వెల

చిప్పు వాడుకొను విద్యుత్తు తాళపు వేగమును బట్టియు, వోల్టేజి యొక్క వర్గమును బట్టియు పెరుగును. వేగమును మాత్రము నూటికి 5 వంతులు పెంచినచో ఖర్చు ఇంచుమించు 5 వంతులే పెరుగును. కాని ఆ వేగమును నిలుపుటకై వోల్టేజిని కూడ 5 వంతులు పెంచితిమనుకొనుడు. అప్పుడు 1.05ను మూడు మారులు గుణింపవలెను. ఫలము సుమారు 1.16. అనగా 5 వంతుల వేగమునకై 16 వంతుల అధిక విద్యుత్తు. ఆ విద్యుత్తంతయు తుదకు వేడిగానే వెలువడును. 125 వాట్ల కార్డు ఇట్లు 145 వాట్లకు చేరును.

ఈ కారణము చేతనే నేటి కార్డులకు మూడు కళ్ళెములు వేసినారు. మొదటిది వేడి పరిమితి. రెండవది విద్యుత్తు పరిమితి. మూడవది వోల్టేజి పరిమితి. 2012 నుండి వచ్చుచున్న కార్డులు తమ వేగమును తామే క్షణక్షణమును సవరించుకొనుచున్నవి. ఈ మూడింటిలో ఏది ముందు తగిలినను కార్డు తనంతట తానే వేగమును తగ్గించుకొనును. కనుక మనము కోరిన అంకె వేరు, కార్డు వాస్తవముగా నడచు అంకె వేరు. పిల్లలు మొదట గ్రహింపవలసిన భేదమిదియే.

ఇక మన ప్రాంతముల విషయము. చిప్పు వేడి అనగా గది వేడికి పైన చేరు వేడి. 25 డిగ్రీల గదిలో 70 డిగ్రీల వద్ద నిలిచిన కార్డు, 40 డిగ్రీల గదిలో అదే పని చేయునప్పుడు ఇంచుమించు 85 డిగ్రీలకు చేరును. అనేకములైన కార్డులు 83 డిగ్రీల ప్రాంతముననే వేగమును తగ్గింప నారంభించును. కావున మార్గశిరమాసమున కుదిరిన వేగము వైశాఖమున కుదురకపోవుట వింతకాదు. బళ్ళారిలోను, వేలూరులోను, నాగపూరులోను వేసవి ఎట్టిదో మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

3. అంకె పెరిగి పని తగ్గు విచిత్రము

కార్డులో తాళములు రెండు. ఒకటి గణన విభాగములది. రెండవది జ్ఞాపకస్థానమునది, అనగా మెమరీది. ఈ రెండవదాని విషయముననే పలువురు మోసపోవుదురు.

తరగతిలో శ్రుతలేఖనము జరుగుచున్నదనుకొనుడు. ఉపాధ్యాయుడు తగుమాత్రపు వేగముతో చెప్పినచో పిల్లలు వ్రాయుదురు. మరికొంత త్వరపడినచో త్వరగా ముగియును. మితిమీరి త్వరపడినచో, "మాస్టారూ, మరల చెప్పండి" అని పిల్లలు ప్రతి వాక్యమునకును అడుగుదురు. అప్పుడు ఉపాధ్యాయుని నోరు వేగముగనే ఆడుచున్నను పాఠము మాత్రము ఆలస్యముగా ముగియును.

జీడీడీఆర్5 మొదలుగా గల మెమరీలలో సమాచారము పోవు దారిలో తప్పు దొరలినదా అని పరీక్షించు ఏర్పాటు కలదు. తప్పు కనిపించినచో అదే సమాచారమును మరల పంపుదురు. అందుచే తెరపై ఏ వికారమును కనిపింపకపోవచ్చును, యంత్రము ఆగకపోవచ్చును, వేగపు అంకె మాత్రము ఘనముగా కనిపించును. ఫ్రేములు తగ్గుచుండును. "ఆగలేదు గనుక సరిగానున్నది" అని తలచుట ఇచ్చట పొరపాటు. మెమరీ విషయమున పరీక్ష ఆగుట కాదు, ఫ్రేముల లెక్కయే పరీక్ష.

4. దోషము కార్డుదేనా?

వేగము పెంచినను ఫలము కనిపింపనప్పుడు, దోషము కార్డులో కాక వేరొకచోట నుండవచ్చును. ముందుగా ఈ క్రింది వానిని చూడవలెను.

(అ) తెర తీగను కార్డునకు గాక మదర్‌బోర్డునకు తగిలించిరేమో చూడుడు. ఇది నవ్వు పుట్టించు పొరపాటే గాని తరచుగా జరుగునది. అట్లు తగిలించినప్పుడు డబ్బు పోసి కొన్న కార్డు ఊరక కూర్చుండి, ప్రాసెసరులోని చిన్న చిత్రభాగమే పనియంతయు చేయుచుండవచ్చును.

(ఆ) ల్యాప్‌టాప్ అయినచో బ్యాటరీ మీద నడచుచున్నదేమో చూడుడు. ఛార్జరు లేనప్పుడు కార్డునకు దొరకు విద్యుత్తు చాల తగ్గును.

(ఇ) ఆటలోనో, డ్రైవరు అమరికలోనో సెకనునకు ఇన్ని ఫ్రేములకు మించరాదను హద్దు ఉన్నదేమో చూడుడు. వీ-సింక్ అను అమరిక 60 సార్లు మారు తెరపై ఫ్రేములను 60కి మించనీయదు. హద్దున్నచోట ఎంత వేగము పెంచినను 60 దాటదు.

(ఈ) ప్రాసెసరే వెనుకబడుచున్నదేమో చూడుడు. వంటవాడు నెమ్మదిగా వండుచుండగా వడ్డించువానిని పరుగెత్తించిన లాభమేమి? దీనికి సులభమైన పరీక్ష కలదు. ఆటలో చిత్రపు పరిమాణమును 1920 × 1080 నుండి 1280 × 720కి తగ్గించుడు. చుక్కలు సగము కంటె తక్కువ అగును. అప్పుడు ఫ్రేములు బాగుగా పెరిగినచో అడ్డు కార్డుదే. పెరుగనిచో అడ్డు ప్రాసెసరుది గాని, పైన చెప్పిన హద్దుది గాని అయియుండును. అట్టిచోట కార్డు వేగము పెంచుట వృథాప్రయాస.

(ఉ) విద్యుత్తునందించు పవర్ సప్లై చాలునా అని చూడుడు. మదర్‌బోర్డు గాడి ద్వారా కార్డునకు 75 వాట్ల వరకు దొరకును. ఆరు సూదుల తీగ మరి 75 వాట్లకును, ఎనిమిది సూదుల తీగ 150 వాట్లకును నిర్ణయింపబడినవి. పేరులేని చౌక పెట్టెపై వ్రాసిన అంకెను పూర్తిగా నమ్మరాదు.

5. పరీక్షా క్రమము

ఇక కార్డుయందే లోపమున్నదని తోచినప్పుడు అనుసరింపదగిన క్రమమిది.

మొదట: అన్ని మార్పులను తీసివేసి తయారీదారు వేగమునకు రావలెను. ఎమ్ఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ వంటి పనిముట్టులో దీనికి ఒకే మీట చాలును. ఈ మెట్టును దాటవేసినచో తక్కిన శ్రమయంతయు వ్యర్థము.

రెండవది: కొలత. ఒకే ఆటలో ఒకే దృశ్యమును, లేక యూనిజీన్ హెవెన్ వంటి పరీక్షను, మూడుమారులు నడిపి సగటు ఫ్రేములను, అతి తక్కువ ఫ్రేములను, వేడిని, వాస్తవ వేగమును, విద్యుత్తును, గది వేడిని ఒక నోటుపుస్తకములో వ్రాయవలెను. సగటు బాగుగనున్నను నడుమ నడుమ తడబాటు ఉన్నచో కంటికి ఇబ్బంది కలుగును. అందుచే అతి తక్కువ అంకె కూడ అవసరము.

మూడవది: ఒక్క మార్పు. గణన విభాగముల వేగమును 25 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచి, ప్రతిసారి కొలువవలెను. ఆ వేళ మెమరీని తాకరాదు. తడబాటు కనిపించిన చోటినుండి రెండు మెట్లు వెనుకకు రావలెను.

నాలుగవది: మెమరీ. దానిని 50 లేక 100 చొప్పున పెంచవలెను. ఫ్రేములు పెరుగుట నిలిచిన చోటనే మనము కూడ నిలువవలెను. తగ్గుట మొదలైనచో హద్దు దాటితిమని అర్థము.

ఐదవది: ఓర్పు. ఐదు నిమిషముల పరీక్షతో తృప్తిపడరాదు. వేడి నిలకడకు వచ్చుటకు ఇరువది ముప్పది నిమిషములు పట్టవచ్చును. ఆ పిమ్మట వ్రాసిన అంకెయే అంకె.

వ్యాధి లక్షణములను బట్టి వైద్యుడు కారణము నూహించునట్లు ఇచ్చటను ఊహింప వచ్చును. తెరపై రంగురంగుల చుక్కలు మెరసినచో తరచుగా మెమరీ వేగము అధికమైనదని అర్థము. తెర క్షణకాలము నల్లబడి తిరిగివచ్చి, డ్రైవరు మరల ప్రారంభమైనదని సూచన కనిపించినచో, గణన విభాగముల వేగము అధికమై యుండవచ్చును. కార్డు రెండు సెకన్లపాటు బదులీయకున్నచో విండోస్ దానిని తిరిగి మేల్కొలుపును. ఆ నల్లదనము దాని గుర్తే. మొదట బాగుగనుండి కొన్ని నిమిషములకు ఫ్రేములు తగ్గినచో అది వేడి. ఆరంభమునుండియు తక్కువగనే యున్నచో మెమరీ తప్పులో, విద్యుత్తు పరిమితియో కారణము. యంత్రమంతయు ఒక్కసారిగా ఆరిపోయినచో పవర్ సప్లైని అనుమానింపవలెను.

6. ఆ బాలుని కంప్యూటరులో జరిగినదేమి?

నేనా యింటికి పోయి, బాలుని చేతనే నోటుపుస్తకము తెరపించితిని. వాడు చేసిన మార్పులతో సగటు 54 ఫ్రేములు వచ్చినవి. ఒకసారి తెర నల్లబడినది. అన్నింటిని తీసివేసి తయారీదారు వేగమునకు వచ్చినంతనే 62 వచ్చినవి. తల్లి గడప దగ్గర నిలుచుండి, "అయితే చెడిపోలేదా అన్నా?" అని అడిగినది. "లేదమ్మా, కార్డు చెడలేదు. తొందర చెడగొట్టినది" అంటిని.

కాని పని అంతటితో ముగియలేదు. ఇరువది నిమిషములు నడపగా 62 కాస్త 57కు దిగినది. వేడి 84 డిగ్రీలు చూపినది. కంప్యూటరు పెట్టె గోడకు ఆనించియున్నది. ఫ్యానుల రెక్కలపై రెండేండ్ల దుమ్ము పేరుకొన్నది. తీగ ఊడదీసి, ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టుకొని, మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, పెట్టెను గోడకు జానెడు దూరము జరిపితిమి. వేడి 75కు దిగినది. 62 ఫ్రేములు నిలిచినవి. పిమ్మట మూడు సాయంకాలములు మెట్టుమెట్టుగా వేగము పెంచి 65 వద్ద నిలిపితిమి.

ఈ లెక్కను తండ్రియే గమనించిరి. "మాస్టారూ, వేగము పెంచి మూడు తెచ్చినాడు. దుమ్ము దులిపి ఐదు తెచ్చినాడు" అని నవ్విరి. ఈ పాఠమునకు సారము ఆ మాటయే.

7. తల్లిదండ్రులు ఎరుగవలసిన జాగ్రత్తలు

వోల్టేజిని తాకకుండ, మెట్టుమెట్టుగా వేగము పెంచినంత మాత్రమున కార్డు కాలిపోవుట అరుదు. పైన చెప్పిన కళ్ళెములు దానిని కాపాడును. అయినను కొన్ని పనులు కూడవు. కార్డులోని బయోస్‌ను మార్చుట పిల్లల పని కాదు. పవర్ సప్లై పెట్టెను ఎన్నడును విప్పరాదు. తీగ ఊడదీసిన పిదప సైతము దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును. ఓవర్‌క్లాకింగ్ వలన కలిగిన నష్టమునకు గ్యారంటీ వర్తింపకపోవచ్చును గనుక ఆ పత్రమును ముందుగా చదువవలెను. పరీక్ష పూర్తికాని వేగమును, యంత్రము మొదలైనప్పుడే తానుగా అమలగునట్లు అమర్చరాదు. చిత్రరచన, లెక్కలు మొదలగు పనులు చేయునప్పుడు తయారీదారు వేగమే శ్రేయస్కరము. ఆటలో ఒక చుక్క తప్పినచో నష్టము లేదు గాని లెక్కలో అంకె తప్పినచో నష్టము కలదు.

వేసవి తీవ్రముగనుండు మన ఇండ్లకు దీనికి విపరీతమైన మార్గమే మేలు. వేగమును అట్లే యుంచి వోల్టేజిని కొంచెము తగ్గించుటను అండర్‌వోల్టింగ్ అందురు. నూటికి 5 వంతులు తగ్గించినచో ఖర్చు సుమారు 10 వంతులు తగ్గును. వేడి తగ్గినందున కార్డు తన వేగమును తానే నిలుపుకొనును. దీనిని కూడ మెట్టుమెట్టుగానే పరీక్షింపవలెను.

తల్లిదండ్రులారా! పిల్లవాడు యంత్రముతో ప్రయోగము చేసినాడని కోపగించుటకు ముందు, వ్రాసిపెట్టినాడా అని అడుగుడు. వ్రాయక చేసినది ఆట. వ్రాసి చేసినది విద్య. ఆ బాలుడు చేసిన తప్పు వేగము పెంచుట కాదు. ఒకేసారి అన్నింటిని మార్చుట ఒకటి, మనతో చెప్పక దాచుట రెండవది. మొదటి తప్పును నోటుపుస్తకము దిద్దును. రెండవదానిని దిద్దవలసినవారము మనమే. చెప్పినచో దెబ్బలు తప్పవని ఎరిగిన పిల్లవాడు తప్పును దాచును. దాచిన తప్పు పెరుగును.

ఇంటిలో పిల్లలతో కలసి చర్చింపదగిన ప్రశ్నలు

1. వేగమును, వోల్టేజిని నూటికి 10 వంతుల చొప్పున పెంచినచో విద్యుత్తు ఖర్చు ఎన్ని వంతులు పెరుగును? (1.1ను మూడుమారులు గుణించి చూడుడు.)
2. మెమరీ వేగపు అంకె పెరిగినను ఫ్రేములు ఏల తగ్గును? శ్రుతలేఖనపు ఉపమానముతో చెప్పుడు.
3. చిత్ర పరిమాణమును తగ్గించినను ఫ్రేములు పెరుగలేదు. అడ్డు ఎచ్చట నుండవచ్చును?
4. మీ ఇంటి కంప్యూటరు పెట్టెను కడపట ఎప్పుడు శుభ్రము చేసినారు?